మానులో చేవ

సంక్రాంతి వెళ్ళాక బొమ్మల కొలువు తీసి పెట్టెలో సర్దుకునే రోజున ఒక చిన్న పరీక్ష చెయ్యండి. రంగు వెలిసిపోయిన పాత కొండపల్లి బొమ్మ ఒకటి, తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం బొమ్మ ఒకటి తీసుకోండి. రెండూ అరచేతిలో పట్టేంతవే. బకెట్ నీళ్ళలో వెయ్యండి. కొండపల్లి బొమ్మ బెండులా తేలుతుంది. తిరుపతి బొమ్మ గులకరాయిలా అడుక్కి పోతుంది.

రెండూ కర్రే. రెండూ మన కొండల్లో పెరిగిన చెట్లవే. మొదటిది తెల్లపొణికి, గోరు పెట్టి నొక్కితే నొక్కు పడేంత మెత్తన. రెండోది ఉలి పదునును పరీక్షించే కర్ర. కర్ర నీళ్ళలో తేలుతుందని చిన్ననాటి నుంచి నమ్ముకున్న మనల్ని ఆ మునిగిన బొమ్మ ఒక ప్రశ్న అడుగుతుంది: దానిలో అంత బరువు ఎక్కడిది?

ఆ ప్రశ్న పట్టుకుని ఈ అధ్యాయంలో తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య తిరుగుదాం. గట్టి కర్రల గురించి రాస్తూ శేషాచలం కొండలకు పోకుండా కృష్ణా డెల్టాకు ఎందుకు వచ్చామని మీకు అనిపించవచ్చు. ఇక్కడ అడవి లేదు. ఒండ్రు నేల, వరిచేలు, కాలువలు, చివర్న ఇసుక, ఆపైన సముద్రం. అడవి లేదు కాబట్టే ఇక్కడి మనిషికి ప్రతి దుంగా విలువైనదయింది. గట్టున మొలిచిన తుమ్మ దేనికి పనికొస్తుందో, పెరట్లో చింత దేనికి పనికొస్తుందో, ఇసుకలో తాడి ఎన్నేళ్ళకు దూలమవుతుందో లెక్కగా తెలుసుకున్నాడు. దొరకని చోటే వస్తువు గుణం బాగా తెలుస్తుంది.

గోడలు ఒకటే, గదులే వేరు

కర్ర ముక్కను అడ్డంగా కోసి, పదునైన కత్తితో నున్నగా చెక్కి, భూతద్దంలో చూడండి. సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకెక్కిన గొట్టాలవి. వాటి చుట్టూ భూతద్దానికి కూడా అందని సన్నటి నారకణాలు లక్షలుగా ఉంటాయి. ప్రతి కణమూ నిలువుగా సాగిన గది. చుట్టూ గోడ, మధ్యలో ఖాళీ.

ఇక్కడే ఆశ్చర్యం ఉంది. ఏ చెట్టు కర్ర తీసుకున్నా ఆ గోడ పదార్థపు సాంద్రత దాదాపు ఒకటే: ఘనసెంటీమీటరుకు ఒకటిన్నర గ్రాము. నీటి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. అంటే కర్ర పదార్థం ఏదైనా నిజానికి మునగవలసిందే. కర్రను తేల్చేది గదుల్లో నిండిన గాలి. టేకు సాంద్రత సుమారు 0.65. లెక్క వేస్తే టేకు దుంగలో సగం కంటే ఎక్కువ గాలే. దక్షిణ అమెరికా బాల్సా కర్ర 0.15 దగ్గర ఉంటుంది, అందులో పదింట తొమ్మిది వంతులు గాలి. ఎర్రచందనం 1.1 చుట్టుపక్కల ఉంటుంది. గోడలు మందమై, గదులు ఇరుకై, మిగిలిన ఖాళీల్లో కూడా రంగు పదార్థాలు పేరుకుపోయాయి. తేలేందుకు చాలినంత గాలి లేదు. బొమ్మ మునిగిపోయింది.

ఆ గోడను కట్టిన తీరు మన మేస్త్రీలకు కొత్తది కాదు. సెల్యులోజు పోగులు స్లాబులో ఇనుప ఊచల్లాంటివి. లాగితే తెగవు. వాటి మధ్య నిండే లిగ్నిన్ సిమెంటు లాంటిది. నొక్కితే నలగదు. లేత కొమ్మలో లిగ్నిన్ తక్కువ, అందుకే వంచితే వంగుతుంది. ముదిరేకొద్దీ లిగ్నిన్ నిండి కణాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల పెంపకం గురించి చెప్పుకునే సామెతలో ఈ రసాయనమంతా ఇమిడి ఉంది.

ఇంగ్లీషు వాణిజ్యంలో ‘హార్డ్‌వుడ్’ అనే మాటకు గట్టితనంతో నేరుగా సంబంధం లేదు. పూలు పూసి కాయలో గింజ పెట్టే చెట్ల కర్రంతా వాళ్ళకు హార్డ్‌వుడ్డే. గోరు దిగే బాల్సా, తెల్లపొణికి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తెలుగు వడ్రంగి విభజన వేరు. అతను దుంగను కోయగానే చూసేది ఒక్కటే, చేవ ఎంత ఉందని.

చచ్చి బలమయ్యే భాగం

తుమ్మ మానును అడ్డంగా కోస్తే రెండు రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. అంచున పాలిపోయిన తెల్లకర్ర. లోపల ముదురు గోధుమరంగు. ఆ లోపలిదే చేవ. మనిషిలోని సత్తువకు, ధైర్యానికి కూడా మనం అదే మాట వాడతాం. చేవ ఉన్నవాడంటాం, చేవ చచ్చిందంటాం. అయితే చెట్టులో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ చావడంతోనే చేవ మొదలవుతుంది.

బయటి తెల్లకర్రలో కొన్ని కణాలు బతికే ఉంటాయి. వాటిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. వేళ్ళ నుంచి ఆకులకు నీరు ఎక్కేది ఈ భాగంలోంచే. ఏటేటా బయట కొత్త కర్ర పేరుకుంటూ ఉంటే లోపలి భాగానికి నీళ్ళు మోసే పని తప్పిపోతుంది. అప్పుడు అక్కడి కణాలు తమలో దాచుకున్న పిండిని కరిగించి, దానితో రంగు పదార్థాలు, వగరు పదార్థాలు, జిగురులు, నూనెలు తయారుచేసి చుట్టుపక్కల గోడల్లో నింపి చనిపోతాయి. చాలా జాతుల్లో నీటి గొట్టాల్లోకి బుడగల్లాంటి పొరలు పెరిగి దారులు మూసేస్తాయి. పురుగుకు తిండి ఉండదు, బూజుకు తేమ ఉండదు, పైగా ఒళ్ళంతా విషం. ఇదీ చేవ పుట్టుక.

ఆ చివరి ఆస్తిలో ఏ చెట్టు ఏం రాసిపోతుందన్నది ఆ చెట్టు ఇష్టం. టేకు టెక్టోక్వినోన్ అనే పదార్థం రాస్తుంది, చెదలు దాని జోలికి రావు. రబ్బరు లాంటి జిడ్డు కూడా చేరుస్తుంది, అందుకే చిత్రిక పట్టిన టేకు చేతికి నూనె రాసినట్టు తగులుతుంది. చండ్ర చెట్టు వగరు దాస్తుంది. చండ్ర చేవను చిన్న ముక్కలు చేసి నీళ్ళలో ఉడికించి, ఆ కషాయాన్ని చిక్కబరిస్తే వచ్చేదే కాచు. భోజనాల తర్వాత తాంబూలంలో నోరు ఎర్రబారేందుకు సున్నంతో కలిసి పనిచేసేది, అడవిలో ఒక చెట్టు పురుగుల కోసం దాచుకున్న మందు. పనస చేవలో పసుపు రంగు ఉంటుంది. ఆగ్నేయాసియాలో బౌద్ధ భిక్షువుల చీవరాలకు ఆ ముక్కలు ఉడకబెట్టిన నీళ్ళతో రంగు వేస్తారు. ఎర్రచందనానికి దాయాది అయిన వేగిస చేవను నీళ్ళలో నానబెట్టి ఎండలో పెట్టి చూస్తే నీళ్ళకు నీలి మెరుపు వస్తుంది. ఒక రంగు కాంతిని పీల్చుకుని ఇంకో రంగు కాంతిని వెలువరించే ప్రతిదీప్తి అది. 16వ శతాబ్దంలో మెక్సికో నుంచి వచ్చిన ఇలాంటి కర్ర నీళ్ళ గురించి స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్ రాశాక, ఐరోపా పండితులు వందేళ్ళకు పైగా ఆ నీలం ఎక్కడిదని తల బద్దలు కొట్టుకున్నారు.

తెల్లకర్రలో మిగిలిన పిండి కోసమే పుప్పి పురుగు వస్తుంది. డెల్టా రైతు దానికి విరుగుడు నీళ్ళలోనే కనుక్కున్నాడు. కొట్టిన తుమ్మ దుంగల్నీ, తాటి మొద్దుల్నీ నెలల తరబడి చెరువు నీళ్ళలో ఊరబెట్టేవాడు. నీళ్ళు లోపలి పిండిని, చక్కెరల్ని కరిగించి లాగేస్తాయి. బయటికి తీసి నీడలో ఆరబెట్టాక పురుగుకు అందులో తినేందుకు ఏమీ మిగలదు. ఆ నీళ్ళ కంపు భరించగలిగితే చాలు, మందు ఖర్చు లేదు.

కాలువలో దిగిన బండి

1852లో పని మొదలై 1855కు పూర్తయిన బెజవాడ ఆనకట్టతో ఈ ప్రాంతం ముఖమే మారింది. దుగ్గిరాల దగ్గర బయలుదేరిన కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలిసింది. పొలానికి నీళ్ళూ, పడవకు దారీ అదే. గోదావరి మీద భద్రాచలం అడవుల టేకు తెప్పలుగా కట్టుకుని రాజమండ్రి చేరేది. సముద్రం దాటి రంగూన్ టేకు కోస్తా రేవుల్లో దిగేది. కలవాళ్ళ మండువా లోగిళ్ళలో స్తంభాలు, సింహద్వారాలు ఆ టేకువే. టేకు గొప్పతనం బరువులో లేదు, నిలకడలో ఉంది. శ్రావణ మాసంలో తలుపు ఉబ్బి బిగుసుకోవడం, వేసవిలో సందులు విచ్చుకోవడం మనకు తెలిసిందే. కర్ర ఆరేటప్పుడు నిలువునా దాదాపు కుంచించుకోదు. అడ్డంగా మాత్రం జాతిని బట్టి నూటికి అయిదు నుంచి పది వంతుల దాకా తగ్గుతుంది. టేకులో ఈ తగ్గుదల స్వల్పం. వందేళ్ళనాటి టేకు తలుపు ఇప్పటికీ ఒక్క వేలితో తోస్తే తెరుచుకోవడం అందువల్లే.

సామాన్య రైతుకు మాత్రం టేకు అందేది కాదు. అతని చెట్టు నల్లతుమ్మ. గట్టు మీద అదే మొలుస్తుంది, మేకలు కాయలు తింటాయి, కంప కంచె అవుతుంది, చేవ బండి అవుతుంది. సాంద్రత 0.8కి అటూఇటూ. దెబ్బకు తట్టుకుంటుంది, చీలదు. ఎద్దుబండి చక్రంలో నడుమ ఉండే కుండ, దానిలోంచి బయలుదేరే ఆకులు, వాటిని చుట్టిన పూటీలు అన్నీ తుమ్మవే. నాగలి దుంప, మేడి, కాడి కూడా చాలా చోట్ల అదే.

చక్రం తయారీలో వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని ఒకటి ఉంది. పూటీల మీద ఇనుప పట్టా ఎక్కించడం. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువ కొలతకు చేస్తారు. దాన్ని పిడకల మంటలో పెట్టి ఎర్రగా కాలుస్తారు. అయిదడుగుల చక్రం పట్టాను ఆరువందల డిగ్రీలు వేడెక్కిస్తే దాని చుట్టుకొలత మూడు సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. పట్టకార్లతో పట్టి చక్రానికి తొడిగి, పొగలు లేస్తుండగానే నీళ్ళు గుమ్మరిస్తారు. ఇనుము ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ప్రతి ఆకూ కుండలోకి, ప్రతి పూటీ పక్క పూటీలోకి ఒరుసుకుని దిగుతాయి. ఒక్క మేకు లేకుండా చక్రమంతా ఒక్క ముక్కవుతుంది. ఇంత ఒత్తిడికి నలగకుండా నిలిచేది చేవ ఒక్కటే. తెల్లకర్ర ఉన్న పూటీ పెడితే ఆ చోటే ముందు కుంగుతుంది.

వేసవిలో కర్ర ఎండి కుంచించుకుంటే పట్టా వదులై లొడలొడలాడేది. అప్పుడు బండిని కాలువలో దించి ఒక రాత్రి ఉంచేవాళ్ళు. గోడల్లోకి నీరు ఎక్కి కర్ర ఉబ్బి పట్టా మళ్ళీ బిగిసేది. ఎద్దులూ బండీ కలిసి కాలువలో నిలబడిన దృశ్యంలో ఒక మంచి భౌతికశాస్త్ర పాఠం ఉంది. ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపిన కందెన పెట్టేవారు. అటు అట్లాంటిక్ దాటితే కరీబియన్ దీవుల లిగ్నమ్ వీటే అనే కర్రకు కందెనే అక్కర్లేదు. సాంద్రత 1.2 పైచిలుకు, చేవ నిండా జిడ్డు జిగురు. 19వ శతాబ్దపు ఆవిరి ఓడల్లో ప్రొపెల్లరు ఇరుసు తిరిగింది ఆ కర్ర దిమ్మల మధ్యే. చేవలో చెట్టు దాచిన జిడ్డే అక్కడ కందెన.

చింత మొద్దు, చండ్ర రోకలి

మాంసం కొట్టు ముందు నిలబడి చూడండి. కత్తి పడే మొద్దు చింతదే అయి ఉంటుంది. తెనాలి బజారులోనైనా, రేపల్లె సంతలోనైనా అంతే. చింత నారలు నిటారుగా పైకి పోవు. ఒక పొర కుడికి ఒరిగితే, ఆపై పొర ఎడమకు ఒరుగుతుంది. జడ అల్లినట్టు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గొడ్డలి వేస్తే నిలువునా చీలేందుకు దారి దొరకదు. మొద్దును నిలువుగా నిలబెట్టి కొయ్యడంలోనూ తెలివి ఉంది. కత్తి నారల్ని కోయకుండా నారల మధ్యకు దిగుతుంది, పైకి తీయగానే నారలు దగ్గరపడతాయి. కత్తి పదునూ చెడదు, మొద్దూ అరగదు. ముసలి చింతలో మాత్రమే ఉండే ఊదారంగు నడిచేవ మరీ గట్టిది, కొయ్యసుత్తులకు దాన్ని ఎంచుకుంటారు.

రోకలికి చండ్ర. వడ్లు దంచే చోట రోకలికి రెండు గుణాలు కావాలి. తన బరువుతోనే దిగేంత బరువు, కొన పీచు లేవని బిగువు. కొనకు పొన్ను అనే ఇనుప కట్టు తొడిగేది ఆ పీచు లేవకుండానే. బరువైన రోకలి అయితే ఎత్తడానికే శ్రమ, దించడానికి కాదు. దంచేవాళ్ళు ఇద్దరైతే లయ కుదిరేది ఆ బరువు వల్లే. గానుగ రోకలికి దిరిసెన, చింత వంటివి వాడేవారు. గానుగలో నూనెతో, ఒత్తిడితో, రాపిడితో రోజంతా పోరాడాలి, పైగా నూనెకు తన వాసన అంటించకూడదు.

కాలువ గట్ల మీద పసుపు పూలు పూసి సాయంత్రానికి ఎర్రబారే గంగరావిని చాలామంది నీడచెట్టుగానే చూస్తారు. దాని చేవ ముదురు గోధుమరంగు, సన్నని నార, నీళ్ళలో తొందరగా చివకదు. ఉప్పుగాలికి ఓర్చుకునే చెట్టు. దాని గింజలు సముద్రంలో తేలుతూ ఖండాలు దాటాయి. ఆ చెట్టునే హవాయి దీవుల్లో మిలో అంటారు. అక్కడివాళ్ళు తిండి గిన్నెలు దానితో చెక్కేవారు, తిండికి కర్ర రుచి అంటదు కాబట్టి. బాపట్ల కాలువగట్టు చెట్టూ, పసిఫిక్ దీవి గిన్నే ఒక్కటేనంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

చేవ బయట ఉండే చెట్టు

బాపట్ల దాటి సూర్యలంక వైపు పోతుంటే ఇసుక నేలలో తాళ్ళు కనిపిస్తాయి. వృక్షశాస్త్రం ప్రకారం తాడి చెట్టే కాదు, గడ్డికి బంధువు. దానికి ఏటేటా లావెక్కే పొర లేదు. ఉంగరాలు లేవు. అయినా తాటి దూలం మోసినంత బరువు చాలా కర్రలు మొయ్యలేవు.

తాడిని అడ్డంగా కోస్తే రహస్యం తెలుస్తుంది. అన్ని చెట్లకూ చేవ లోపల ఉంటే, దీనికి బయట ఉంటుంది. నల్లటి నారకట్టలు అంచున దట్టంగా కిక్కిరిసి, లోపలికి పోయేకొద్దీ పలచబడి, నడుమ మెత్తటి బెండు మిగులుతుంది. గాలి ఊపినప్పుడు కాండం వంగితే ఎక్కువ సాగేది, ఎక్కువ నలిగేది అంచు. నడుమకు పెద్దగా పని ఉండదు. బలం ఎక్కడ కావాలో అక్కడే పెట్టుకుంది తాడి. సైకిలు చట్రానికి గొట్టాలు వాడే ఇంజనీరు లెక్క కూడా ఇదే.

డెల్టావాళ్ళు ఈ నిర్మాణాన్ని పూర్తిగా వాడుకున్నారు. నిలువునా చీల్చి అంచు భాగం దూలాలకు, వాసాలకు తీసుకున్నారు. బెండు తొలిచేస్తే మిగిలిన దొప్ప నీళ్ళు పారే దోనె అయింది. మొదలు వైపు లావుపాటి ముక్కను తొలిస్తే ఒకరిద్దరు ఎక్కే తాటిదోనె పడవ అయింది. లేతతాడిలో నలుపు పట్టదు. దూలానికి పనికొచ్చే తాడి కావాలంటే రెండు తరాల ఓపిక కావాలి.

ఉప్పు అంచున

రేపల్లె నుంచి నిజాంపట్నం మీదుగా పోతే నేల ఉప్పుగా మారి, బురదలో మడచెట్లు మొదలవుతాయి. అక్కడొక ఊరి పేరే అడవులదీవి. డెల్టాలో నిజమైన అడవి అంటూ ఉంటే ఇదే, నదీ సముద్రమూ కలిసే చోట కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం దాకా పాకిన మడ అడవి.

మడచెట్టు దాహం విచిత్రమైనది. చుట్టూ నీళ్ళే, అన్నీ ఉప్పే. ఉప్పునీటి నుంచి మంచినీటిని లాగాలంటే కాండంలో నీటి తీగను మామూలు చెట్టు కంటే ఎన్నో రెట్లు గట్టిగా లాగాలి. అంత బలంగా లాగినప్పుడు తీగ తెగి గొట్టంలో గాలి బుడగ పడే ప్రమాదం ఉంది. అందుకే మడ తన గొట్టాల్ని చాలా సన్నగా, చాలా ఎక్కువగా వేసుకుంటుంది. కొన్ని తెగినా మిగిలినవి పనిచేస్తాయి. దాని మొద్దులో ఉంగరాలు కనిపిస్తాయి గానీ అవి ఏడాదికొకటి పడేవి కావు. కర్ర పొర, ఆహారం మోసే మెత్తటి పొర ఒకదాని మీద ఒకటి వంతులుగా పెరగడం వల్ల వచ్చిన వరసలవి. మడ వయసు ఉంగరాలు లెక్కపెట్టి చెప్పేవాళ్ళు తప్పకుండా పొరబడతారు.

మడజాతి చెట్ల బెరడులోని వగరు పదార్థం కూడా తీరప్రాంతాలకు ఎంతో పనికొచ్చింది. నైలాను రాకముందు వలలు నూలువి. బెరడు ఉడికించిన నీళ్ళలో ముంచి ఆరబెడితే నూలు తొందరగా కుళ్ళదు. చెట్టు తనను కాపాడుకునేందుకు చేసుకున్న మందే జాలరి వలనూ కాపాడింది.

ఇసుక ఒడ్డున సరుగుడు తోటలున్నాయి. సరుగుడు మన చెట్టు కాదు, 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో భారత తీరాల్లో విరివిగా నాటారు. సూదుల్లాంటి రెమ్మలు చూసి దేవదారు చుట్టమనుకుంటారు గానీ అది పూలచెట్టే. వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఉత్త ఇసుకలోనూ ఎదుగుతుంది. కర్ర ఎంత బరువో అంత పొగరు. పలకలుగా కోస్తే పగిలి మెలితిరుగుతుంది. గుండ్రంగా ఉన్నదున్నట్టు వాడితే పందిరి గుంజకు, సారవకు దాన్ని మించినది లేదు. మంటకు నిప్పు గట్టిది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తాక తీరం పొడుగునా గాలిని అడ్డుకునే తోటలుగా సరుగుడును విస్తారంగా పెంచారు. కృష్ణకు ఇవతలి ఒడ్డున రేపల్లె, నిజాంపట్నం ఊళ్ళు కూడా ఆ గాలిని చూసినవే.

పాట పలికే కర్ర

గట్టితనం మోయడానికే పుట్టలేదు. నాదస్వరం గొట్టం కోసం దక్షిణాదిన ఎంచుకునేది నారేపి చేవ. తమిళులు ఆచ్చా అంటారు. మన దేశంలో అతి బరువైన కలపల్లో అదొకటి. గాలి కంపించే గొట్టం గోడ తాను కంపించకుండా బిగిసి ఉండాలి, ఊపిరి తేమకు ఉబ్బకూడదు. తమిళనాట నరసింగంపేట పనివాళ్ళు కొత్తగా కొట్టిన కర్ర ముట్టరు. కూల్చిన పాత ఇళ్ళ దూలాలు కొని తెచ్చి తొలుస్తారు. దశాబ్దాలు కప్పు కింద ఆరిన కర్ర ఇక కదలదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం వింటుంటే, ఆ స్వరం వెనుక ఒక ఇంటి దూలం మోసిన ఏళ్ళు కూడా ఉన్నాయేమోననిపిస్తుంది.

వీణకు పనస. నూజివీడులోనూ, బొబ్బిలిలోనూ ఒక్క మొద్దును తొలిచి కుండ, దండి కలిపి చెక్కే విద్య ఉంది. పనస అంత బరువు కాదు. వీణకు కర్ర తానూ పలకాలి. నాదస్వరం కర్ర మౌనంగా ఉండాలి, వీణ కర్ర గొంతు కలపాలి. ఈ తేడా తెలిసినవాడే పనివాడు.

ఎర్రటి అరుదు

ఇక మునిగిన బొమ్మ దగ్గరికి వద్దాం. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది దక్షిణ తూర్పు కనుమల్లోని కొద్ది కొండల్లోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు అంచులు. రాతినేల, ఎండ, కొరవడిన వాన. ఆ కష్టంలోనే నెమ్మదిగా, బిగువుగా పెరుగుతుంది. చేవలో సాంటలిన్ అనే ఎర్రరంగు ఉంటుంది. అది నీళ్ళలో సరిగా కరగదు, సారాయిలో కరుగుతుంది. అందుకే సానరాయి మీద నీళ్ళతో అరగదీస్తే రంగు నీరు రాదు, మెత్తటి గంధం వస్తుంది. వాపులకు పట్టు వేసే అలవాటు మన ఇళ్ళలో పాతదే.

చైనాలో మింగ్, చింగ్ రాజుల కాలం నుంచి దీన్ని జితాన్ అని పిలిచి రాజభవనాల సామాన్లకు వాడారు. జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీవాద్యపు మెడకు ఈ చేవను మించినది లేదంటారు. నార అలలు తిరిగిన దుంగకు ధర మరీ ఎక్కువ. ఆ కోరికే చెట్టుకు గండమయింది. 1995లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం రెండో అనుబంధంలో దీన్ని చేర్చారు. అడవిలో దొంగచాటుగా నరికేది ముదురు చేవ ఉన్న తల్లిచెట్లనే. విత్తనం ఇచ్చేవీ అవే. అలా పోయిన తల్లిచెట్టు చోటు ఒక మనిషి జీవితకాలంలో నిండదు.

కొన్ని చోట్ల రైతులు పొలాల్లోనూ ఎర్రచందనం నాటుతున్నారు. మంచి నేలలో, నీళ్ళు పెడితే చెట్టు తొందరగా ఎదుగుతుంది. చేవ అంత తొందరగా రాదు. మనం ఎరువు వేసి లావు పెంచగలం గానీ, లోపలి కణాలు ముదిరి తమ పని ముగించుకునే గడువును అంతగా తగ్గించలేం. అరుదైనది ఆ జాతి ఒక్కటే కాదు, దానికి పట్టే కాలం కూడా.

ఉంగరాల లెక్క

తెనాలి, రేపల్లె మధ్య భట్టిప్రోలు స్తూపం ఉంది. అక్కడి ధాతు పేటికల మీది బ్రాహ్మీ శాసనాలు క్రీస్తుకు పూర్వపువి. ఆ కాలపు కొయ్య కట్టడం ఒక్కటీ మిగల్లేదు. అయితే కృష్ణ ఒడ్డునే అమరావతిలో రాతి ప్రాకారాన్ని గమనించండి. నిలువు స్తంభాలకు బెజ్జాలు తొలిచి, అడ్డకమ్ముల కొనలు వాటిలో దించారు. రాతికి ఆ అతుకు అవసరం లేదు. కుసి చెక్కి బెజ్జంలో దించడం వడ్రంగి పద్ధతి. శిల్పి తన కంటి ముందున్న కొయ్య కంచెను రాతిలోకి దించాడు. కర్ర పోయినా వడ్రంగం రెండువేల ఏళ్ళు నిలిచింది.

ఇప్పుడు మన కళ్ళముందు పోతున్నది వేరే జాబితా. మండువా ఇళ్ళు కూలుతున్నాయి. బండ్లు పోయి టైర్ల బళ్ళు, తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. పూటీ అంటే ఏమిటో, పొన్ను అంటే ఏమిటో చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. మాట పోతే దానితోపాటు ఏ పనికి ఏ కర్ర అన్న లెక్కా పోతుంది. పాత కర్రను పొయ్యిలో పెట్టకండని నేను ఎవరిని కలిసినా చెబుతున్నాను. వందేళ్ళు ఆరిన చేవను మళ్ళీ తయారుచెయ్యడానికి వందేళ్ళు తప్ప ఇంకో దారి లేదు.

ఈసారి తెనాలిలో పాత కలప అమ్మే అడితీకి వెళ్ళినప్పుడు కూల్చిన ఇంటి టేకు దూలం ఒకటి చూడండి. కోసిన కొన మీద నీళ్ళు చిలకరించి అరచేత్తో రుద్దండి. సన్నటి ఉంగరాలు తేలుతాయి. మడలా కాక, టేకు ఉంగరం ఏడాదికి ఒకటే. బయటి నుంచి లోపలికి ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టండి. నూరు దాటాక నెమ్మదించండి. ఇంటి వయసు కూడా కలిపితే ఆ నడిచేవ దగ్గరి ఉంగరాలు పడిన ఏళ్ళలో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట లేదు, తెనాలికి కాలువ లేదు. ఆ చెట్టు అప్పటికే, ఎక్కడో దూరపు కొండమీద, తన మొదటి చేవ దాచుకుంటోంది.